గుండెను నెమ్మది చేసే మాత్ర మావారు మానేయొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్కారం. మావారికి 61 ఏళ్ళు. ఎనిమిది నెలల క్రితం గుండెపోటు వచ్చింది, స్టెంట్ వేశారు. ఎకోలో పంపింగ్ 35 శాతం అని రాశారు. అప్పటి నుంచి మిగతా మందులతో పాటు మెటోప్రొలాల్ సక్సినేట్ 50 మిల్లీగ్రాములు రోజూ ఉదయం వేసుకుంటున్నారు. షుగర్‌కి గ్లిమెపిరైడ్ వాడతారు. కళ్ళలో ప్రెషర్ ఉందని రెండు నెలల నుంచి ఉదయం, రాత్రి చుక్కలు కూడా వేస్తున్నాం. ఈ మధ్య బాగా నీరసంగా ఉందంటున్నారు. చేతులు, కాళ్ళు చల్లగా ఉంటున్నాయి. లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి. మెషీన్‌లో పల్స్ 52, ఒక్కోసారి 48 చూపిస్తోంది. ఒక రాత్రి ఒళ్ళంతా చెమటలు పట్టాయి. దడ లేదు కదా అని అలాగే పడుకున్నారు. రాయడానికి ఇబ్బందిగా ఉంది, భార్యాభర్తలుగా కూడా మా మధ్య దూరం పెరిగింది. పోయిన నెల ఊరెళ్ళినప్పుడు ఈ మాత్ర అయిపోయి నాలుగు రోజులు వేసుకోలేదు. మొదటి రెండు రోజులు హుషారుగానే ఉన్నారు. నాలుగో రోజు మెట్లెక్కుతుంటే ఛాతీ పట్టేసినట్టయి, గుండె దడదడలాడింది. కాసేపు కూర్చుంటే తగ్గింది. ఇంటికొచ్చి మాత్ర మళ్ళీ మొదలుపెట్టాక అలా రాలేదు. మా మరిది మాత్రం "పంపింగ్ తగ్గిన గుండెను ఇంకా నెమ్మది చేసే మందు ఎందుకు వదినా? గుండెపోటు తర్వాత ఇది అక్కర్లేదని కొత్త పరిశోధనలే చెబుతున్నాయి" అంటున్నాడు. తనకూ మూడేళ్ళ క్రితం గుండెపోటు వచ్చింది. తను మానేశాడట, బాగానే ఉన్నాడు. ఇప్పుడు మావారూ మానేస్తానంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, మీ అంతట మీరు ఇంట్లో నిర్ణయించుకుని మాత్రం ఈ మాత్ర మానేయకండి. ఎందుకో వివరంగా చెబుతాను. దానికంటే ముందు, మీ ఉత్తరంలోని రెండు సంగతులు వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగేవి కావు. మెట్ల మీద ఛాతీ పట్టేయడం ఒకటి. పల్స్ 48కి పడిపోవడం, దాంతో పాటు కళ్ళు తిరగడం రెండోది. ఈ రెండూ మీ కార్డియాలజిస్టుకు ఇవాళే ఫోన్ చేసి చెప్పండి. రేపటి మాత్ర ఎంత వేయాలో ఆయన్నే అడగండి. ఫోన్‌లో దొరక్కపోతే నేరుగా తీసుకెళ్ళి ఈసీజీ తీయించండి. ఈలోగా ఊరికే కూర్చుని ఉన్నప్పుడు ఛాతీ నొప్పి వచ్చినా, నొప్పి చేతికో దవడకో పాకినా, చెమటలతో ఆయాసం వచ్చినా, స్పృహ తప్పినా ఎవరినీ సలహా అడుగుతూ కూర్చోకుండా అంబులెన్స్ పిలవండి. ఆయన్ని మాత్రం బండి నడపనివ్వకండి.

ఇక మీ మరిది ప్రశ్న. పంపింగ్ అంటే గుండె ఒక్కో దెబ్బకు తనలోని రక్తంలో ఎంత శాతం బయటికి నెడుతుందో ఆ లెక్క. అది తగ్గిన గుండెను ఇంకా నెమ్మది చేయడం ఎందుకు? చాలా మంచి ప్రశ్న ఇది. మేం చదువుకునే రోజుల్లో పాఠ్యపుస్తకాలు కూడా ఆయన అన్నట్టే అనేవి. గుండె బలహీనపడిన రోగికి బీటా బ్లాకర్ (మీవారి మెటోప్రొలాల్ ఆ రకం మందే) ఇవ్వకూడదని పరీక్షలో రాస్తేనే మార్కులు పడేవి. ఆ నమ్మకం పూర్తిగా మారడానికి పాతికేళ్ళు పట్టింది.

భయం వేసినా, పరుగెత్తినా మన శరీరం అడ్రినలిన్, నార్‌అడ్రినలిన్ అనే రసాయనాలను వదులుతుంది. అవి గుండె కండరం మీద ఉండే బీటా గ్రాహకాలకు, అంటే ఆ రసాయనాల కబురు అందుకునే భాగాలకు అతుక్కుని, త్వరగా కొట్టుకో, గట్టిగా కొట్టుకో అని తొందరపెడతాయి. గుండెపోటులో కొంత కండరం చచ్చిపోయి పంపింగ్ తగ్గినప్పుడు, రక్తం చాలడం లేదని శరీరం పసిగడుతుంది. వెంటనే తనకు అలవాటైన ఉపాయమే చేస్తుంది. అడ్రినలిన్‌ను ఇంకా ఇంకా వదులుతుంది. ఐదు నిమిషాల పరుగుకు పనికొచ్చే ఏర్పాటు అది. అదే నెలల తరబడి రాత్రీ పగలూ నడిస్తే, అలసిపోయిన ఎద్దును ములుగర్రతో పొడిచి బండి లాగించినట్టవుతుంది. ఆ పూటకు బండి కదులుతుంది గానీ కొన్నాళ్ళకు ఎద్దు కూలబడుతుంది. గుండె సాగిపోయి, ఇంకా బలహీనపడి, లయ తప్పి ఒక్కోసారి హఠాత్తుగా ఆగిపోతుంది కూడా. బీటా బ్లాకర్ ఆ ములుగర్రకు అడ్డుపడుతుంది.

చిన్న లెక్క వేసి చూడండి. పల్స్ నిమిషానికి 72 నుంచి 58కి తగ్గితే, గుండె రోజుకు 20 వేలకు పైగా తక్కువ సార్లు కొట్టుకుంటుంది. అంత పని తగ్గుతుంది. దానికి తోడు, గుండె తన సొంత కండరానికి కావలసిన రక్తాన్ని ఎక్కువగా అందుకునేది ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య దొరికే విరామంలోనే. కొట్టుకోవడం నెమ్మదిస్తే ఆ విరామం పెరుగుతుంది. స్కాట్లాండ్‌కు చెందిన జేమ్స్ బ్లాక్ 1960లలో తన బృందంతో కలిసి ప్రొప్రనొలాల్‌ను తయారుచేసింది ఈ ఆలోచనతోనే. ఇరుకైన రక్తనాళాల గుండా ఎక్కువ రక్తం పంపడానికి పాట్లు పడే బదులు గుండెకు ఆక్సిజన్ అవసరాన్నే తగ్గిద్దాం అనుకున్నారాయన. 1988లో నోబెల్ బహుమతి అందుకున్నవారిలో ఆయన ఒకరు.

బలహీనపడిన గుండెకు కూడా ఈ మందు మేలు చేస్తుందని 1975లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ డాక్టర్లు ఏడుగురు రోగులను చూసి రాస్తే, చాలామంది నమ్మలేదు. చివరికి 1999లో రెండు పెద్ద పరిశోధనలు వచ్చాయి. బిసోప్రొలాల్ మీద చేసినది సిబిస్-2. సరిగ్గా మీవారు వేసుకుంటున్న మెటోప్రొలాల్ సక్సినేట్ మీద చేసినది మెరిట్-హెచ్‌ఎఫ్. ఆ రెండోదాంట్లో పంపింగ్ 40 శాతం, అంతకన్నా తక్కువ ఉన్న 3,991 మంది పాల్గొన్నారు. సగం మందికి ఈ మందు, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. మందు వాడినవాళ్ళలో మరణాలు 34 శాతం తక్కువగా ఉన్నాయి. తేడా అంత స్పష్టంగా కనిపించేసరికి అనుకున్న గడువుకు ముందే పరిశోధన ముగించారు. పంపింగ్ 35 శాతం ఉన్న మీవారు ఆ 3,991 మందిలాంటి మనిషే. అందుకే ఆయన చీటీలో ఈ మాత్ర ఉంది.

అయితే ఈ మందును మెట్టు మెట్టుగా ఎక్కించాలి. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకు మెటోప్రొలాల్ సక్సినేట్ 12.5 లేదా 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, తట్టుకుంటున్నారా లేదా చూసుకుంటూ దాదాపు రెండు వారాలకోసారి పెంచుకుంటూ పోతారు. గరిష్ఠం 200 మిల్లీగ్రాములు. డోసు పెంచిన ప్రతిసారీ కొన్నాళ్ళు నీరసం, తల తేలిపోవడం ఉండొచ్చు. దీని మేలు నెలల మీద తెలుస్తుంది, దీని ఇబ్బంది మాత్రం రోజుల్లోనే తెలుస్తుంది. మంచి మందును మనుషులు మధ్యలో వదిలేయడానికి ఇంతకన్నా పెద్ద కారణం నా అనుభవంలో ఇంకొకటి లేదు. మొదలుపెట్టే రోజున ఈ ముక్క కూర్చోబెట్టి చెప్పాల్సిన బాధ్యత మా డాక్టర్లదే. మేం హడావిడిలో చెప్పకపోతే రోగి నీరసపడి, భయపడి మానేస్తాడు. అందులో రోగి తప్పు లేదు.

ఇప్పుడు ఆ నాలుగు రోజుల దగ్గరికి వద్దాం. మొదటి రెండు రోజులు హుషారుగా ఉన్నారని రాశారు. మనిషి మోసపోయేది అక్కడే. నెలల తరబడి ఈ మందు వాడుతుంటే అడ్రినలిన్ అరుపు గుండెకు సరిగా వినపడదు. వినపడటం లేదని శరీరం ఊరుకోదు. గుండె మీద ఇంకొన్ని గ్రాహకాలను, అంటే ఇంకొన్ని చెవులను మొలిపిస్తుంది. మందు ఉన్నంతకాలం ఆ చెవులన్నీ మూసే ఉంటాయి. మందు ఒక్కసారిగా ఆపితే ఒకటి రెండు రోజుల్లో అది ఒంట్లోంచి పోతుంది, నీరసం విడుస్తుంది, మనిషికి తేలిగ్గా అనిపిస్తుంది. ఆ వెనకే, కొత్తగా మొలిచినవాటితో సహా చెవులన్నీ తెరుచుకుంటాయి. మామూలు అడ్రినలిన్ కూడా అప్పుడు పెద్ద కేకలా వినిపిస్తుంది. గుండె దడదడలాడుతుంది, బీపీ పెరుగుతుంది, ఛాతీ పట్టేస్తుంది. రక్తనాళాల జబ్బు ఉన్నవాళ్ళలో ఇలా ఆపినప్పుడు గుండెపోటు కూడా వచ్చిన సందర్భాలు 1970ల నుంచే నమోదయ్యాయి. హఠాత్తుగా ఆపవద్దన్న హెచ్చరిక ఈ మందుల వివరపత్రంలోనే ప్రముఖంగా ఉంటుంది. మీవారికి మెట్ల మీద వచ్చింది ఇదే అయి ఉండటానికి ఎక్కువ అవకాశం ఉంది. స్టెంట్ వేసిన నాళంలో మళ్ళీ ఏదైనా అడ్డుపడిందా అన్నది కూడా చూడాలి కాబట్టే ఇవాళే చెప్పమన్నాను.

నిజంగా ఈ మందు ఆపాల్సి వస్తే కూడా డాక్టర్లు ఒకటి రెండు వారాల పాటు కొద్దికొద్దిగా తగ్గిస్తూ ఆపుతారు. ఆ రోజుల్లో పెద్ద శ్రమ చేయవద్దంటారు. ఒక్క పూట మర్చిపోతే కంగారు అక్కర్లేదు. ఆ రోజే గుర్తొస్తే వేసుకోవాలి, మర్నాటి వేళ దగ్గర పడితే వదిలేయాలి. రెండూ కలిపి మాత్రం ఎప్పుడూ వేసుకోకూడదు. వరసగా కొన్ని రోజులు తప్పిపోతే పాత డోసులోనే మళ్ళీ మొదలుపెట్టకుండా ముందు ఫోన్ చేసి అడగండి, తక్కువ నుంచి మళ్ళీ ఎక్కించాల్సి రావచ్చు. ప్రయాణాల్లో మాత్రలు పెద్ద సామానులో కాకుండా చేతి సంచిలో, వెళ్ళే రోజుల కంటే ఓ వారానికి ఎక్కువే ఉండాలి. కొత్త చోట మందు కొంటే అట్ట మీద సక్సినేట్ అని ఉందో లేదో చూసుకోండి. టార్ట్రేట్ అని ఇంకో రకం ఉంది. పేరు మెటోప్రొలాలే, మిల్లీగ్రాములూ అవే ఉండొచ్చు. కానీ అది త్వరగా కరిగిపోతుంది, రోజుకు రెండుసార్లయినా వేసుకోవాలి, దాన్ని దీనికి బదులుగా వాడలేం. సక్సినేట్ మాత్ర రోజంతా కొంచెం కొంచెంగా కరిగేలా తయారవుతుంది. మధ్యలో గీత ఉంటే గీత దగ్గర విరవొచ్చు గానీ నమలకూడదు, పొడి చేయకూడదు. అలా చేస్తే రోజంతటి మందు ఒక్కసారిగా రక్తంలోకి దిగుతుంది.

కొత్త పరిశోధనల గురించి మీ మరిది చెప్పినదాంట్లో నిజం ఉంది, అయితే సగమే. రెడ్యూస్-ఏఎంఐ అనే పరిశోధన 2024లో వచ్చింది. గుండెపోటు వచ్చిన 5,020 మందిలో బీటా బ్లాకర్ వాడినవాళ్ళకూ వాడనివాళ్ళకూ మరణాల్లో, మళ్ళీ గుండెపోటు రావడంలో చెప్పుకోదగ్గ తేడా లేదని తేలింది. అయితే ఆ 5,020 మందీ పంపింగ్ 50 శాతం, అంతకంటే ఎక్కువ ఉన్నవాళ్ళు. గుండెపోటు వచ్చినా గుండె బలం తగ్గనివాళ్ళు. అదే ఏడాది ఫ్రాన్స్ నుంచి అబిస్ అనే ఇంకో పరిశోధన వచ్చింది. గుండెపోటు వచ్చి కనీసం ఆరు నెలలు గడిచి, పంపింగ్ 40 శాతం, ఆపైన ఉండి, ఈ మందు వాడుతున్న 3,698 మందిలో సగం మందికి ఆపి చూశారు. ఆపినవాళ్ళకు బీపీ, పల్స్ పెరిగాయి, గుండె సమస్యలతో ఆసుపత్రిలో చేరడం కూడా వాళ్ళలో కాస్త ఎక్కువ కనిపించింది. ఆపడం కూడా కొనసాగించినంత క్షేమమేనని నిరూపించలేకపోయారు. కాబట్టి గుండె బలం మామూలుగా ఉన్నవాళ్ళకు ఈ మందు ఎన్నాళ్ళు కావాలన్న చర్చ నిజంగానే నడుస్తోంది. మీవారి 35 శాతం ఆ చర్చలోకి రాదు.

మీ ఉత్తరంలో నన్ను బాగా ఆలోచింపజేసింది ఇంకోటి ఉంది, కంటి చుక్కలు. రెండు నెలల నుంచి వేస్తున్నామన్నారు. నీరసం, కళ్ళు తిరగడం ఈ మధ్యే పెరిగాయన్నారు. ఒకసారి ఆ సీసా తీసి పేరు చదవండి. టిమోలాల్ అని ఉంటే, అదీ బీటా బ్లాకరే. కంట్లో వేసిన చుక్కలో కొంత కన్నీటి నాళం గుండా ముక్కులోకి జారి, అక్కడి పొర నుంచి నేరుగా రక్తంలో కలుస్తుంది. చుక్కే కదా అనిపిస్తుంది గానీ మాత్రకు చుక్క తోడై పల్స్ బాగా తగ్గిపోయినవాళ్ళు ఉన్నారు. ఆస్తమా ఉన్నవాళ్ళకు ఈ చుక్కలతోనే ఆయాసం వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. కంటి డాక్టర్ దగ్గర గుండె మందుల సంగతి, గుండె డాక్టర్ దగ్గర కంటి చుక్కల సంగతి మనకు చెప్పాలని తోచదు. వాళ్ళూ ఒక్కోసారి అడగరు.

అలాగని చుక్కలు మీరే ఆపేయకండి. కంటి ప్రెషర్ పెరిగి పోయిన చూపు తిరిగి రాదు. లటానోప్రోస్ట్ లాంటి వేరే రకం చుక్కలు ఉన్నాయి, అవి బీటా బ్లాకర్లు కావు. మార్చవచ్చేమో ఇద్దరు డాక్టర్లనూ అడగండి. మార్చేదాకా చుక్క వేసిన వెంటనే కన్ను మూసి, ముక్కు పక్కన కంటి లోపలి మూలను వేలితో రెండు నిమిషాలు మెల్లగా నొక్కి పట్టుకోమనండి. రక్తంలోకి వెళ్ళేది బాగా తగ్గుతుంది. నా ఊహ తప్పు కావచ్చు, ఆ సీసాలో వేరే మందు ఉండొచ్చు. చదవడానికి అర నిమిషం చాలు కాబట్టి ఈ జవాబు చదవడం పూర్తి చేయకముందే వెళ్ళి చూడండి.

ఆ రాత్రి చెమటల సంగతి కూడా వదిలేయకూడదు. షుగర్ మరీ తగ్గిపోయినప్పుడు మామూలుగా చేతులు వణుకుతాయి, గుండె దడ వస్తుంది, ఆ గుర్తులతో మనిషి మేలుకుంటాడు. ఆ వణుకూ దడా అడ్రినలిన్ వల్ల వచ్చేవే కాబట్టి ఈ మాత్ర వాటిని కప్పేస్తుంది. చెమట మాత్రం వేరే దారిన వస్తుంది, దాన్ని ఇది ఆపలేదు. గ్లిమెపిరైడ్ షుగర్‌ను గంటల తరబడి తగ్గించి ఉంచగల మందు. అందుకని దడ లేదు కదా అనుకోవడం మీ ఇంట్లో ఇక కుదరదు. చెమట, అకారణంగా చిరాకు, మాట తడబడటం కనిపిస్తే వెంటనే షుగర్ చూడండి. 70 కంటే తక్కువ ఉంటే 15 గ్రాముల గ్లూకోజ్ ఇచ్చి, 15 నిమిషాలకు మళ్ళీ చూడండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా అంబులెన్స్ పిలవండి. షుగర్ మామూలుగా ఉండి చెమటలు పడుతుంటే, ఛాతీలో ఏ కొంచెం ఇబ్బంది ఉన్నా, అది గుండె పని అనుకునే వెళ్ళాలి. షుగర్ డాక్టర్‌కు ఈ రాత్రి సంగతి చెప్పండి, గ్లిమెపిరైడ్ డోసు తగ్గించడమో, మార్చడమో ఆయన చూస్తారు. షుగర్ ఉందని బీటా బ్లాకర్ మానాల్సిన పని లేదు.

పల్స్ అంకె ఒక్కటే చూసి భయపడకండి. ఈ మందు మీద ఉన్నవాళ్ళకు విశ్రాంతిలో 50, 60 మధ్య ఉండటం చాలాసార్లు మేం కోరుకునేదే. 50 కన్నా తగ్గి, దానితో పాటు కళ్ళు తిరగడమో ఆయాసమో ఉంటేనే అదే రోజు చెప్పాలి. మీ విషయంలో అదే జరుగుతోంది. ఇంకో మాట, గుండె మధ్యమధ్య తొందరపడి ఒక దెబ్బ ఎక్కువ వేస్తుంటే మెషీన్లు లెక్క తప్పుతాయి. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, మణికట్టు దగ్గర బొటనవేలి వైపు మీ రెండు వేళ్ళు పెట్టి, గడియారం చూస్తూ పూర్తి నిమిషం లెక్కపెట్టండి. రోజూ ఒకే వేళకు పల్స్, బీపీ, బరువు ఒక పుస్తకంలో రాయండి. బరువు రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా, పాదాలు వాచినా, పడుకుంటే ఆయాసం వచ్చినా ఒంట్లో నీరు చేరుతోందని అర్థం. అప్పుడూ మాత్ర ఆపడం కాదు, ఫోన్ చేయడం.

నీరసం నిజమైన బాధ. "గుండె జబ్బు మనిషికి ఆ మాత్రం ఉంటుందిలే" అని ఎవరైనా కొట్టిపారేస్తే మీరు ఒప్పుకోవద్దు. అయితే దానికి కారణం ఈ మాత్ర ఒక్కటే కాకపోవచ్చు. రక్తహీనత, థైరాయిడ్, నిద్ర సరిగా లేకపోవడం, నీరు పోయించే మాత్రల వల్ల లవణాలు తగ్గడం, గుండెపోటు తర్వాత చాలామందిని ముంచెత్తే దిగులు, ఇవన్నీ చూడాలి. మాత్ర వల్లే అని తేలితే డాక్టర్ చేతిలో మార్గాలున్నాయి. ఉదయం కాకుండా రాత్రి వేయించవచ్చు. డోసు ఒక మెట్టు దించవచ్చు. బిసోప్రొలాల్‌కో కార్వెడిలాల్‌కో మార్చవచ్చు. పంపింగ్ తగ్గిన గుండెకు ఈ మూడే ప్రధానంగా రుజువైనవి. బీటా బ్లాకర్ ఏదైనా ఒకటే అనుకుని వేరేది కొనుక్కోకూడదు. కార్వెడిలాల్ అయితే ఏదైనా తిన్నాకే వేసుకోవాలి, లేకపోతే బీపీ ఒక్కసారిగా పడుతుంది. చేతులు, కాళ్ళు చల్లబడటం మాత్రం చాలామందిలో ఉండేదే. వేళ్ళు తెల్లబడి నొప్పి పెడితేనో, పుండ్లు పడితేనో చెప్పాలి.

మీరు ఇబ్బందిపడుతూ రాసిన విషయం ఎనిమిది నెలల క్రితం గుండెపోటు వచ్చిన మనిషి ఇంట్లో చాలా మామూలు. దానికి భయం ఒక కారణం, షుగర్ ఒక కారణం, రక్తనాళాల జబ్బు ఒక కారణం, మందు కొంత కారణం. 2003లో అటెనొలాల్ అనే బీటా బ్లాకర్ మీద చేసిన ఒక పరిశోధనలో, ఈ మందు వల్ల ఆ సమస్య రావచ్చని ముందే చెప్పినవాళ్ళలోనే అది చాలా ఎక్కువగా కనిపించింది. మనసు పాత్ర అంత ఉందన్నమాట. మీవారు సిగ్గుపడి అడగలేకపోతే మీరే అడగండి, డాక్టర్‌కు ఇది కొత్త కాదు. ఒక్క హెచ్చరిక మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఆయన దగ్గర నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్ర ఉన్నా, రోజూ వేసుకునే నైట్రేట్ ఉన్నా, సిల్డెనాఫిల్ (వయాగ్రా) లాంటివి అడగకుండా కొని వేసుకోకూడదు. రెండూ కలిస్తే బీపీ ప్రాణం మీదకు వచ్చేంత పడిపోతుంది.

మిగతా మందుల గురించి క్లుప్తంగా చెబుతాను. వెరాపమిల్, డిల్టియాజెమ్ ఈ మాత్రతో కలిస్తే గుండె మరీ నెమ్మదిస్తుంది, పైగా పంపింగ్ తగ్గినవాళ్ళకు అవి అసలు సరిపడవు. ఒళ్ళునొప్పులకు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వద్దు. ఒంట్లో నీరు నిలిపి గుండెకు భారం చేస్తాయి. పారాసిటమాల్ సరిపోతుంది. జలుబు మాత్రల్లో ముక్కు దిబ్బడ తగ్గించే ఫినైల్‌ఎఫ్రిన్, సూడోఎఫెడ్రిన్ ఉంటాయి, అడక్కుండా వేయకండి. దిగులు తగ్గడానికి ఎవరైనా ఫ్లూఆక్సెటిన్, పారాక్సెటిన్ రాస్తే మెటోప్రొలాల్ వాడుతున్నట్టు చెప్పండి, అవి దాన్ని ఒంట్లో ఎక్కువసేపు నిలిపేస్తాయి. ఆస్తమా ఉంటే చెప్పాలి. ఏ ఆపరేషన్‌కు వెళ్ళినా, పన్ను పీకించుకోవడానికి వెళ్ళినా ఈ మాత్ర పేరు చెప్పాలి. మత్తు ఇచ్చేవాళ్ళు మామూలుగా దీన్ని ఆపకుండా వేయమనే అంటారు. నడక మొదలుపెట్టినప్పుడు వయసును బట్టి పల్స్ ఇంత పెరగాలనే లెక్కలు ఈయనకు పనికిరావు, మందు వల్ల పెరగదు. నడుస్తూ మాట్లాడగలుగుతున్నారా చూడండి. మాట తెగుతుంటే ఆగాలి.

చివరగా, మీ మరిది గురించి నాకు ఇంకా బెంగగానే ఉంది. ఆయన పంపింగ్ ఎంతో మీ ఉత్తరంలో లేదు. మందు ఆయనే మానేశారో, డాక్టర్ చెప్పి తగ్గిస్తూ మాన్పించారో కూడా లేదు. గుండె బలం మామూలుగా ఉండి, డాక్టర్ చెప్పి ఆపి ఉంటే మంచిదే. అలా కాకపోతే ఇప్పుడు బాగున్నంత మాత్రాన సరిపోదు. పాత ఎకో కాగితం వెతికించి ఆయన్ని కూడా మీ వెంట తీసుకెళ్ళండి. వదిన మాట కాబట్టి వింటారు.